వేలికొసకు తెలిసే నోటు
దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్బీనగర్ దాకా దారిపొడవునా పండ్లబండ్లే. చూపులేనివారు అక్కడ చిల్లర పుచ్చుకొనుటకు వేలికొసయే ఆధారం.

1996లో మొదలైన గాంధీ బొమ్మ నోట్లలో రిజర్వు బ్యాంకు ఉబ్బెత్తు గుర్తులు వేయించింది: ఇరవైకి నిలువు దీర్ఘచతురస్రం, యాభైకి చతురస్రం, నూటికి త్రిభుజం, ఐదువందలకు వృత్తం. గుర్తు అరిగినా పొడవు ఆదుకొనేది; నూరు 157 మిల్లీమీటర్లు, ఐదువందలు 167.

2016 నోట్లరద్దు తరువాతి వరుసలో నూరు 142, రెండువందలు 146, ఐదువందలు 150. మిత్రులారా, ఆ నాలుగు మిల్లీమీటర్ల తేడా బియ్యపుగింజంతైనా లేదు! అంచున ఉబ్బుగీతలు చేర్చిన మాట నిజమే. నూటికి నాలుగు, ఐదువందలకు ఐదు. రెండువందలకూ నాలుగే, నడుమ రెండు సున్నలు. చెమటచేతుల్లో అవెన్నాళ్లు నిలుచును? పది, ఇరవై, యాభైలకు అవీ లేవు. బండివద్ద నిత్యం నలిగేవి అవే కదా.

2020 జనవరిలో రిజర్వు బ్యాంకు తెచ్చిన 'మణి' ఫోనులో నోటు విలువ పలుకుతుంది. అంతవరకు బండివాడు ఆగాలి.