డాక్టర్ రాసిన శాతం వేరు, కోర్టు లెక్కించే శాతం వేరు

సుబేదారి దగ్గరి అదాలత్ సెంటర్‌కు ఆ పేరు కోర్టు వల్లే వచ్చింది. యాక్సిడెంట్‌లో కాలో చెయ్యో పోయినవాళ్లు పరిహారం కోసం మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 166 కింద ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేస్తారు.

చాలామంది పొరపడేది వైకల్య సర్టిఫికెట్ దగ్గరే. డాక్టర్ 45 శాతం అని రాస్తే సంపాదన కూడా 45 శాతం పోయినట్టే అనుకుంటారు. కాదు. ఆ అంకె చాలాసార్లు ఆ ఒక్క కాలికే వర్తిస్తుంది, మొత్తం శరీరానికి లెక్కిస్తే తగ్గుతుంది. వైకల్యం ఎంతో డాక్టర్ చెప్పాలి, దానివల్ల సంపాదన ఎంత పోయిందో ట్రిబ్యునలే తేల్చాలి అని 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. ఎడమ చెయ్యి తెగిపోయిన డ్రైవర్‌కో వడ్రంగికో నష్టం దాదాపు 100 శాతం. అదే గుమాస్తా అయితే ఉద్యోగం నిలవొచ్చు. 2014లో కాలు పోయిన ఒక కూరగాయల వ్యాపారి కేసులో హైకోర్టు 65 శాతం అంటే, సుప్రీంకోర్టు దాన్ని 85కి పెంచింది. అందుకే బాధితుడు చేసే పని ఏమిటో రుజువు చేయడం సర్టిఫికెట్ అంత ముఖ్యం.

ఉత్త కాగితం పెడితే సరిపోదు. వైద్యం చేసిన డాక్టరో, తర్వాత పరీక్షించిన డాక్టరో వచ్చి సాక్ష్యం చెప్పాలి, ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు ప్రశ్నలకు జవాబివ్వాలి. అడిగినంత శాతం రాసిచ్చే డాక్టర్లూ ఉంటారని కోర్టులకు తెలుసు. అనుమానం వస్తే మెడికల్ బోర్డుకు పంపొచ్చు.

తీర్పు నచ్చకపోతే సెక్షన్ 173 కింద 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. వివాదంలో ఉన్న మొత్తం లక్ష రూపాయల లోపైతే ఆ దారి లేదు.