గుంటూరు–గుంతకల్ రైలుమార్గం (రెండో లైను, విద్యుదీకరణ నిధులు)

ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతంలో దొనకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు మీదుగా వెళ్లి, నల్లమల దాటి, నంద్యాల మీదుగా గుంతకల్ చేరే మార్గం ఇది. 19వ శతాబ్దం చివర్లో మీటరు గేజిగా వేశారు. 1990లలో బ్రాడ్‌గేజిగా మార్చారు.

సుమారు 401 కిలోమీటర్ల రెండో లైనుకు, విద్యుదీకరణకు 2016–17లో అనుమతి వచ్చింది. అంచనా వ్యయం దాదాపు రూ. 3,631 కోట్లు. రైల్వే శాఖ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెరి సగం భరించాలన్నది ఒప్పందం. ఇలాంటి ఉమ్మడి పథకాల్లో ఏ ఒక్కరి వాటా ఆలస్యమైనా పని వేగం తగ్గుతుంది. అందుకే మొత్తం అంచనా కన్నా ఏటా బడ్జెట్లో విడుదలయ్యే సొమ్మే ముఖ్యం.

ఇక విద్యుదీకరణ లాభాల సంగతి: కరెంటు రైలుకు డీజిల్ అక్కర్లేదు. కొత్తతరం త్రీఫేజ్ ఇంజన్లు పల్లంలో బ్రేకు వేసినప్పుడు పుట్టే విద్యుత్తును తిరిగి తీగలకు పంపుతాయి. గిద్దలూరు దాటాక దిగువమెట్ట దగ్గర మొదలయ్యే నల్లమల ఎత్తుపల్లాల్లో ఈ ఆదా విలువైనది. పలకలకు పేరున్న మార్కాపురానికి, వానలు తక్కువైన చుట్టుపక్కల మండలాలకు ఈ లైనే ప్రధాన రైలు ఆధారం.