మందిరం గుమ్మం ఎవరిది?



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం కట్టుబడి గురించి మాట్లాడుకున్నాం కదా. పెద్ద కానుక ఇచ్చినవారి పేర్లు శిలాఫలకం మీద చెక్కిద్దామన్న మాట వచ్చింది. ఆ మాట విని, చేపల చెరువుల మీద కూలికి వెళ్లే ఒక అమ్మ ముందు నుంచి లేచి గుమ్మం దగ్గరకు పోయి కూర్చుంది. మేము చూశాం. చూసి కూడా ఏమీ అనలేదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ వారం మన ప్రాంతపు సంఘ చరిత్ర కొంచెం గుర్తు చేసుకుందాం.

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు ఆంగ్లికన్ మిషనరీలు ఇంగ్లండు నుంచి బందరు వచ్చారు. వారిని పంపింది చర్చి మిషనరీ సొసైటీ. మన పెద్దలు సి.ఎం.ఎస్. మిషను అనేది దానినే. ఫాక్స్‌గారు ఆరోగ్యం చెడి తిరిగి వెళ్లి 1848లో కన్నుమూశారు. నోబుల్‌గారు 1843లో బడి తెరిచారు. మళ్లీ స్వదేశం వెళ్లకుండానే 1865లో బందరులోనే ప్రభువునందు నిద్రించారు. నేటి నోబుల్ కాలేజీ ఆయన పేరు మీదిదే.

అంతటి త్యాగానికి మనం తల వంచాలి. కానీ ఒక నిజం కూడా చెప్పుకోవాలి. ముందు పై కులాలవారు నమ్మితే మిగతావారు వెంట వస్తారని తలచి, అంటరానివారని లోకం తోసేసిన పిల్లలను ఆ బడిలో చేర్చుకోలేదు. 1852లో మంచాల రత్నం, ఐనాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పొందగానే తల్లిదండ్రులు తమ పిల్లలను మాన్పించేశారు. బడి దాదాపు ఖాళీ అయింది.

1854లో ఏలూరులోనూ మిషను పని మొదలైంది. అయితే పెద్ద కదలిక ఎవరూ అనుకోని చోట వచ్చింది. బెజవాడ ప్రాంతంలోని రాఘవాపురంలో పాగోలు వెంకయ్య అనే మాలపల్లె పెద్ద ఉండేవాడు. నిజమైన దేవుడెవరో చూపించమని తనకు తానే ప్రార్థించుకున్నవాడు. 1859లో ఆయన బెజవాడలోని డార్లింగ్ దొరను వెతుక్కుంటూ వెళ్లి సువార్త విన్నాడు. తన వారితో కలిసి బాప్తిస్మం పొందాడు. ఆ తర్వాత మన పల్లెల్లో సంఘం ఎక్కువగా ఎదిగింది మాల, మాదిగ పేటల్లోనే. బడి గుమ్మం ఎవరికి మూసి ఉందో, సంఘం గుమ్మంలోకి వారే ముందుగా గుంపులుగా వచ్చారు.

1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీద పడింది. సుమారు 30,000 మంది చనిపోయారని అంచనా. నీటి ముందు గోడలు నిలవవని కొల్లేటివారికి వేరే చెప్పాలా? ఊరు పాడైంది గానీ సంఘం పోలేదు.

1912లో వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు దోర్నకల్‌కు బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. దోర్నకల్‌లో ఆయన కట్టించిన కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. అందులో హిందూ ఆలయాల పోకడ, మసీదుల పోకడ రెండూ కనిపిస్తాయి. మన దేశపు మనిషి పరాయివాడినని అనుకోకుండా లోపలికి రావాలన్న తలంపు ఆ కట్టడంలోనే ఉంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. మన ప్రాంతం కృష్ణా-గోదావరి డయోసిస్ అయింది.

ప్రియులారా, ఆ దొరల తప్పు మనకు ఇప్పుడు తేలికగానే కనిపిస్తుంది. మరి ఆదివారం మనం చేసింది ఏమిటి? మనలో చాలామంది వెంకయ్యగారి బాట వెంట వచ్చినవాళ్లమే. మన తాతలను గుమ్మం బయట నిలబెట్టిన లోకాన్ని మరచి, ఇప్పుడు మనమే ఒక అమ్మను గుమ్మం దగ్గర కూర్చోబెట్టాం. యాకోబు పత్రిక రెండో అధ్యాయం మొదటి వచనాలు ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. తర్వాత 1 పేతురు 2:5 చదవండి. దేవుడు కట్టుకునే ఇంటికి రాళ్లు ఎవరో అక్కడ ఉంది.

ఆ అమ్మ ఇంటికి వెళ్లి మేము క్షమాపణ అడిగాం. ఫలకం మీద ఎవరి పేరూ వద్దని, కట్టిన సంవత్సరం ఒక్కటే చెక్కిద్దామని వచ్చే కమిటీలో అడుగుతాం. మీరు ఒప్పుకోకపోతే అక్కడే చెప్పండి, ప్రార్థించి మాట్లాడుకుందాం. కానీ ఈ ఆదివారం ఆమెను ముందు వరుసకు పిలవడానికి మాత్రం కమిటీ కోసం ఆగనక్కర్లేదు.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.