పెన్ డ్రైవ్ పెట్టగానే: ఒక సౌకర్యం నడిచిన దారి

కంప్యూటరుకు పెన్ డ్రైవ్ తగిలించిన వెంటనే, వాడేవారు ఏ మీటా నొక్కకుండానే, ముందుగా రాసిపెట్టిన ఆదేశాల వరుస, అంటే స్క్రిప్టు, దానంతట అదే నడవడం ఇప్పుడు మామూలు ఏర్పాటుగా కనిపిస్తుంది గాని, దాని వెనుక దశాబ్దాల తర్జనభర్జన ఉంది. ఏది నడవాలో నిర్ణయించే అధికారం బయటినుంచి వచ్చిన డిస్కుదా, దాన్ని లోపలికి రానిచ్చిన యంత్రానిదా అన్నదే ఆ తర్జనభర్జనకు మూలం.

ఫ్లాపీల కాలంలో ఆ అధికారం, ఎవరూ పెద్దగా ఆలోచించకుండానే, డిస్కు చేతికి పోయింది. అప్పటి పర్సనల్ కంప్యూటరు స్విచ్ వేయగానే డ్రైవులో ఉన్న ఫ్లాపీ మొదటి భాగాన్ని, అంటే బూట్ సెక్టారును, చదివి అక్కడ ఉన్న ఆదేశాలను మారుమాట లేకుండా పాటించేది. 1986లో లాహోరులో పుట్టిన బ్రెయిన్ వైరస్ సరిగ్గా అక్కడే కాపురం పెట్టి, ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి పాకింది. అయితే యంత్రం నడుస్తుండగా ఫ్లాపీ పెడితే, ఎవరైనా దాన్ని తెరిచేదాకా దానిలోని ప్రోగ్రాము కదిలేది కాదు.

ఆ విరామాన్ని తొలగించినది 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95. డిస్కు మారిన సంగతి సీడీ డ్రైవు ద్వారా తెలుసుకోగలిగిన ఈ వ్యవస్థలో మైక్రోసాఫ్ట్ ఆటోరన్ అనే సదుపాయాన్ని ప్రవేశపెట్టింది. సీడీలో ఆటోరన్.ఐఎన్ఎఫ్ అనే చిన్న పాఠ్య ఫైలు ఉండేది. అందులో చదరపు కుండలీకరణాల మధ్య ‘ఆటోరన్’ అనే శీర్షిక, దాని కింద ‘ఓపెన్’ అనే మాట, సమాన చిహ్నం, ఆ పక్కన నడవవలసిన ప్రోగ్రాము పేరు, మరో వరుసలో తెరమీద కనబడవలసిన బొమ్మ పేరు ఉంటే సరిపోయేది. కంప్యూటరు కొత్తగా కొన్నవారు సైతం సీడీ పెట్టి ఊరుకుంటే పని మొదలయ్యేలా చేయడం దీని ఉద్దేశం. వద్దనుకున్నవారు డిస్కు పెట్టేటప్పుడు షిఫ్ట్ మీట నొక్కిపట్టుకోవలసి వచ్చేది. కర్మాగారంలో అచ్చయిన సీడీలో తర్వాత ఎవరూ ఏమీ రాయలేరన్న ధీమా మీద ఈ ఏర్పాటు నిలబడింది. అచ్చువేసినవారి ఉద్దేశమే వేరైతే ఆ ధీమా ఎంతపాటిదో 2005లో బయటపడింది: సోనీ బీఎంజీ సంగీత సీడీలు నకళ్లను అరికట్టే నెపంతో, తనను తాను దాచుకునే సాఫ్ట్‌వేరును శ్రోతల కంప్యూటర్లలో చేర్చుతున్నాయని సాఫ్ట్‌వేరు నిపుణుడు మార్క్ రస్సినోవిచ్ వెల్లడించాడు.

ఈలోగా 2000లో 8 మెగాబైట్ల ప్రాంతపు పరిమాణంతో అంగళ్లలోకి వచ్చిన పెన్ డ్రైవ్, ఎవరైనా ఎన్నిసార్లైనా రాయగల సాధనం కావడంతో, ఆ పాత ధీమాకు తావే లేకుండా పోయింది. విండోస్ ఎక్స్‌పీలో వచ్చిన ఆటోప్లే, డిస్కులో ఉన్నవాటిని పరిశీలించి ఏం చేయాలని అడిగేది గాని, ఆ ప్రశ్నలో చూపే మాటలను, బొమ్మను కూడా డిస్కులోని ఫైలే సమకూర్చగలిగేది. 2008 చివర పుట్టిన కాన్‌ఫికర్ వార్మ్, అంటే తనంతట తానే పాకే హానికర ప్రోగ్రాము, ఈ లొసుగునే వాడుకుంది. ఆటోప్లే చూపే పట్టికలో ‘ఫోల్డరు తెరిచి ఫైళ్లు చూడండి’ అనే ఎంపిక రెండుసార్లు, ఒకే పసుపు ఫోల్డరు బొమ్మతో కనిపించేది. కింది ఎంపిక నిజమైనది, పైది వార్మ్‌ను నడిపేది. అదే ఏడాది మధ్యప్రాచ్యంలోని ఒక స్థావరంలో, సైనిక ల్యాప్‌టాప్‌కు తగిలించిన పెన్ డ్రైవ్ ద్వారా ఏజెంట్.బీటీజెడ్ అనే వార్మ్ అమెరికా సైనిక నెట్‌వర్కుల్లోకి చొరబడగా, ఆ దేశ రక్షణశాఖ నవంబరులో పెన్ డ్రైవ్‌ల వాడకాన్నే నిషేధించింది.

ఆ దెబ్బతో మైక్రోసాఫ్ట్ 2009లో వచ్చిన విండోస్ 7లో పెన్ డ్రైవ్‌లకు ఆటోరన్ తొలగించి, 2011 ఫిబ్రవరిలో పాత విండోస్‌లకూ ఆ మార్పును అందించింది. సీడీలకు మాత్రం పాత మర్యాదే కొనసాగింది. ఆ తలుపు మూసినంత మాత్రాన ముప్పు తీరలేదని 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ చూపింది. ఫోల్డరు తెరిస్తే చాలు, అందులోని షార్ట్‌కట్ బొమ్మను విండోస్ చూపించబోయే క్షణంలోనే అది నడిచేది. ఇరాన్ అణు కేంద్రంపై గురిపెట్టిన ఈ వార్మ్ ఎక్కువగా సోకిన దేశాల్లో ఇరాన్, ఇండొనీషియాల తర్వాత భారతదేశం నిలిచింది.

లినక్స్ ఇదే సౌకర్యాన్ని తలకిందులుగా నిర్మించింది. 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ మొదలుపెట్టిన యుడెవ్ అనే వ్యవస్థలో, పరికరం తగిలిన కబురును కెర్నల్, అంటే వ్యవస్థ గుండెకాయ, అందిస్తుంది. ఏం చేయాలన్నది మాత్రం యంత్రంలోనే, నిర్వాహకుడు రాసిపెట్టిన నియమాల ఫైలులో ఉంటుంది. కొత్తగా వచ్చినది నిల్వ సాధనమై, దాని తయారీదారు సంఖ్య, క్రమసంఖ్య ఫలానావైతే, ఫలానా స్క్రిప్టును ‘రన్’ చేయమని ఒక్క వరుసలో రాయవచ్చు. ఎక్కువసేపు సాగే పనిని యుడెవ్ మధ్యలోనే ఆపేస్తుంది కాబట్టి, ఫైళ్ల నకలు తీయడం వంటి పనులను సిస్టమ్‌డీ అనే సేవల నిర్వాహకానికి అప్పగించడం ఆనవాయితీ అయింది.

ఇక్కడా ఒక చిక్కు మిగిలింది: ఆ సంఖ్యలను చెప్పేది పరికరమే. పెన్ డ్రైవ్ లోపలి నియంత్రణ ప్రోగ్రామును మార్చితే అది తనను కీబోర్డుగా పరిచయం చేసుకుని, మనిషి టైపు చేసినట్టే ఆదేశాలు పంపగలదని భద్రతా పరిశోధకులు కార్స్టెన్ నోల్, యాకబ్ లెల్ 2014లో బ్యాడ్‌యూఎస్‌బీ పేరిట నిరూపించారు. కాబట్టి పరికరం చెప్పుకున్న పేరు స్క్రిప్టును మేల్కొలిపే గంటగా పనికొస్తుందే గాని, నమ్మకానికి హామీపత్రం కాజాలదు; మేల్కొన్న స్క్రిప్టు సైతం పెన్ డ్రైవ్‌లో ఉన్నదాన్ని చదవడంతో సరిపెట్టుకోవాలి తప్ప, అందులోని దేన్నీ నడపకూడదు.