జర్మను వేటతుపాకుల ముద్రలు – కాలనిర్ణయము

జగిత్యాల కోటను 1747వ సంవత్సరమున జఫరుద్దౌలాకొఱకు ఫ్రెంచి శిల్పులు నిర్మించిరని ప్రసిద్ధి. నక్షత్రాకారముగల యీ కోట చెంతనుండుటచే, ఆ ప్రాంతమున నేపాతయింటనైనను విదేశపు తుపాకి కనబడినచో దానిని కోటకాలపుదిగా నెంచుట సులభము. గొట్టముపై 172.28 అను నంకెలున్నయెడల నీ భ్రమ మఱింత బలపడును. దానిని 1728గా చదివినవారు, తుపాకి కోటకంటెను పందొమ్మిదేండ్లు పెద్దదని చెప్పుదురు. శకవర్షమును హిజరీగా లెక్కించి శాసనమునకు కాలము కట్టుటవంటిదే యిదియును.

ఆ యంకె సంవత్సరము కాదు. గొట్టపు లోపలి వెడల్పును దెలుపు కొలత. ఒక పౌను సీసముతో సమానమైన గుండ్లు 172.28 లెక్కకు వచ్చునట్లు పోసినచో, ఒక్కొక్క గుండునకు గలుగు వ్యాసమే గొట్టపు వ్యాసమని భావము. అది సుమారు 7.6 మిల్లీమీటర్లు. 118.35 అని యున్నచో సుమారు 8.6. అంకె పెరిగినకొలది గొట్టము సన్నగిల్లును. ఈ విపర్యయము నెఱుగనివారు దీనిని తయారీ వరుససంఖ్య యనియు భ్రమింతురు.

ఈ కొలతలకు మూలము 1891వ సంవత్సరము మే నెల 19వ తేదీనాటి జర్మను శాసనము. అది 1893 ఏప్రిల్ 1వ తేదీనుండి పూర్తిగా నమలులోనికి వచ్చెను. దానిచే తుపాకులను పరీక్షాశాలలో కాల్చి చూచి ముద్రవేయుట విధిగా నేర్పడెను. కిరీటము క్రింద ‘యు’ అను నక్షరమున్నచో తుపాకి తనిఖీ చేయబడెననియు, ‘జి’ యున్నచో గొట్టమున మెలికగాళ్లు గలవనియు నర్థము. కిరీటము క్రింద ‘వి’ యనునది విశేషముగా గమనింపదగినది. శాసనము వచ్చునాటికే అంగళ్లలో నిలువయున్న తుపాకులకు దానిని వేసిరి. కావున ‘వి’ ముద్రగల తుపాకి శాసనముకంటె పాతది. ముద్ర పరీక్షాకాలమును జెప్పునేగాని జన్మకాలమును జెప్పదనుటకు నింతకంటె స్పష్టమైన నిదర్శన మక్కఱలేదు.

ఊరిపేరుకూడ సాక్ష్యమిచ్చును. జెల్లా సెయింట్ బ్లాసీ, మేలిస్ అను రెండు పట్టణములు 1919లో నేకమైనవి. జెల్లా-మేలిస్ అను జంటపేరు చెక్కిన తుపాకి యంతకు పూర్వపుది కాజాలదు. రాజన్న సిరిసిల్ల జిల్లా యను పేరుగల పత్రము 2016కు ముందుది కానట్లే యిదియును. కొన్నిటిపై నెల, సంవత్సరము సూటిగానే యుండును: 4.26 అనగా 1926 ఏప్రిల్. అయితే యీ గుర్తులు తఱచుగా గొట్టపు అడుగున, కొయ్యమఱుగున నుండును. ఇత్తడిచెంబును దోమినట్లు చింతపండుతోను ఇటుకపొడితోను తోమి ముద్రల నరుగదీయువారు లేకపోలేదు. అట్టి శుభ్రత పరిశోధకునకు శత్రువు.

1939 నాటి నూతన శాసనము 1940 ఏప్రిల్ 1వ తేదీనుండి యమలుపఱుపబడగా, కిరీటమునకు బదులు గ్రద్ద నిలిచెను. కొలతలు మిల్లీమీటర్లలో వ్రాయబడెను. కావున కిరీటమును, 172.28 అను నంకెయును కలసి కనబడిన తుపాకికి పరీక్ష 1891 శాసనమునకును 1940కిని నడుమ జరిగినదని చెప్పవచ్చును. అది కోట పుట్టిన సుమారు నూటనలువదియేండ్ల తరువాతి మాట.

గొట్టముపై క్రుప్ అను పేరున్నచో తుపాకిని క్రుప్ వారే చేసిరనుటయు పొరపాటే. ఆ పేరు ఉక్కును దెలుపును. తుపాకి చేసినవాడు వేఱొకడు కావచ్చును. సిరిసిల్ల మగ్గముపై నేసిన గుడ్డకు నూలుమిల్లు చీటినిజూచి కర్తను నిర్ణయింపము గదా. మన సీమలో దీనికి విపరీతమైన యుదాహరణ మున్నది. కోరుట్లకు పొరుగున నున్న మెట్‌పల్లి యినుమును కలిపి కోనసముద్రమున ఉక్కు చేసెడివారని పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున వాయిసీ దొర వ్రాసెను. ఇస్పహానునుండి వర్తకులు వచ్చి యా యుక్కును గొనిపోయిరి. పారసీక ఖడ్గముపై కమ్మరి పేరుండును, రాజు పేరుండును. కోనసముద్రము పేరు మాత్ర ముండదు.