ఓసెలాట్ ఒంటిమీది మచ్చలు

పిల్లలకు ఓసెలాట్‌ను పరిచయం చేసేవాళ్లు ముందుగా దాని చెవుల వెనక భాగం చూపించాలి. నల్లటి చెవి మీద ఒక్కటే తెల్ల మచ్చ, బొట్టు పెట్టినట్టు ఉంటుంది. ఒంటిమీద నల్ల అంచుల మచ్చలు ఒకదానితో ఒకటి కలిసి బారులు తీరి ఉంటాయి, తోకకు నల్ల పట్టీలు. ఇంటి పిల్లికి రెట్టింపు పైనే ఉండే ఈ అడవి పిల్లి టెక్సాస్ దక్షిణపు కొస నుంచి మెక్సికో, అమెజాన్ మీదుగా ఉత్తర అర్జెంటీనా దాకా బతుకుతుంది. పగలంతా పొదల్లో పడుకుని రాత్రిళ్లు ఎలుకలు, కుందేళ్లు, పక్షుల కోసం తిరుగుతుంది. పక్షి దొరికితే ముందు ఈకలు పీకేస్తుంది, ఆ తర్వాతే తింటుంది. ఈ సంగతి విన్న పిల్లలు మళ్లీ మళ్లీ చెప్పించుకుంటారు.

ఆ మచ్చల వెనక ఉన్న వ్యాపారం సంగతి కూడా వాళ్లకు చెప్పాలి. వినడానికి కష్టంగానే ఉంటుంది. అయినా అది లేకుండా ఓసెలాట్ కథ సగమే.

అమెజాన్ పశ్చిమ ప్రాంతంలో 20వ శతాబ్దం మొదటి నుంచే అడవి జంతువుల తోళ్లు పడవల్లో పట్నాలకు చేరేవి. 1960ల్లో ఆ గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. 1962లో అమెరికా అధ్యక్షుడి భార్య జాకీ కెనెడీ చిరుత చర్మపు కోటు వేసుకుని కనిపించడంతో మచ్చల కోట్ల మోజు అందరికీ అంటుకుంది. చిరుత తోలు ఖరీదు. దక్షిణ అమెరికా అడవుల్లో ఓసెలాట్ తోలు విరివిగా దొరికేది. ఒక్కో తోలు చిన్నది కాబట్టి ఒక కోటుకు చాలా పిల్లులు కావాలి. 1960ల చివర్లో ఒక్క అమెరికాయే ఏడాదికి లక్షకు పైగా ఓసెలాట్ తోళ్లు దిగుమతి చేసుకుంది.

అదే కాలంలో ఓసెలాట్‌ను ఇంట్లో పెంచుకోవడమూ గొప్ప అయింది. చిత్రకారుడు సాల్వడోర్ దాలీ బాబూ అనే ఓసెలాట్‌ను మెడపట్టీతో వెంట తిప్పుకునేవాడు. 1965లో మొదలైన ‘హనీ వెస్ట్’ అనే టీవీ సీరియల్ నాయికకూ ఓసెలాట్ ఉండేది. అమ్మకానికి వచ్చే కూన వెనక చాలాసార్లు చచ్చిన తల్లి ఉండేది. ఓసెలాట్ సాధారణంగా ఒక కాన్పులో ఒక్క కూననే కంటుంది, దాన్ని చాలా నెలలు వెంటే ఉంచుకుని వేట నేర్పుతుంది. ఇంత నిదానంగా పెరిగే జాతి ఆ వేటను ఎన్నాళ్లు తట్టుకుంటుంది?

1967లో బ్రెజిల్ వన్యప్రాణుల వేటను చట్టంతో నిషేధించింది. అంతరించిపోతున్న జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం, సైటీస్, 1975లో అమల్లోకి వచ్చింది. 1989లో ఓసెలాట్‌ను అందులోని అత్యంత కఠినమైన జాబితాలోకి మార్చాక తోళ్ల వ్యాపారానికి అధికారికంగా తలుపులు మూసుకున్నాయి. దక్షిణ అమెరికాలో చాలాచోట్ల ఈ పిల్లి తేరుకుంది. చట్టం చేసిన మేలు ఇంత స్పష్టంగా కనిపించే సందర్భాలు అరుదు.

ఏ రెండు ఓసెలాట్‌ల మచ్చలూ ఒకేలా ఉండవు. ఒకప్పుడు ప్రాణం మీదికి తెచ్చిన ఆ మచ్చలతోనే ఇప్పుడు పరిశోధకులు వాటిని లెక్కిస్తున్నారు. అడవి దారిలో ఎదురెదురుగా రెండు కెమెరాలు పెడితే పిల్లి నడిచి వెళ్లేటప్పుడు రెండు పక్కలూ ఫొటోలో పడతాయి, అది ఏ పిల్లో తేలిపోతుంది. ఇలాగే ఆంధ్రప్రదేశ్‌లోని కోరింగ మడ అడవుల్లో ఫిషింగ్ క్యాట్ అనే నీటిపిల్లులనూ కెమెరాలు పెట్టే లెక్కించారు.

టెక్సాస్‌లో మాత్రం పరిస్థితి ఇంకా దిగులుగానే ఉంది. అక్కడ మిగిలినవి వందలోపే. రియో గ్రాండే నది దిగువ లోయలో వాటికి నీడనిచ్చిన ముళ్లపొదల అడవిని 95 శాతానికి పైగా సాగు కోసం, ఊళ్ల కోసం కొట్టేశారు. మిగిలిన ముక్కల మధ్య రోడ్లు పడ్డాయి, వాహనాల కింద చాలా పిల్లులు చచ్చాయి. అక్కడి లగూనా అటాస్కోసా వన్యప్రాణి శరణాలయం చుట్టుపక్కల రోడ్ల కింద ఇప్పుడు జంతువులు దాటేందుకు సొరంగాలు కట్టారు. ఎక్కువ పిల్లులు ప్రైవేటు పశువుల క్షేత్రాల్లోనే ఉన్నాయి కాబట్టి భూమి యజమానుల సాయం తప్పనిసరి. 2024లో ఈస్ట్ ఫౌండేషన్ అనే సంస్థ తన భూముల్లో ఓసెలాట్‌లను మళ్లీ వదిలేందుకు అమెరికా వన్యప్రాణి శాఖతో ఒప్పందం చేసుకుంది.