సంక్రాంతి విస్తరి: దాని పూర్వచరిత్ర

సంక్రాంతినాడు విస్తరి ముందు కూర్చుండిన పెద్దలు సాధారణముగా ననుమాట యొకటి కలదు: “ఇది మన తాతముత్తాతల నాటి భోజనము.” ఈ మాట యెంతవరకు నిజమో విచారింప నేటి ప్రసంగమున బూనుకొంటిని. రాజుల చరిత్రము వ్రాసినవారు పెక్కుమంది కలరు. వంటయింటి చరిత్రమో, శాసనములలో కంటె మాటలలోను, ఆచారములలోను, అటకమీది పాత్రలలోను ఎక్కువగా దాగియుండును. దానిని వెదకువాడు రాళ్లను తడవనక్కఱలేదు. తన విస్తరినే కొంచెము శ్రద్ధగా చూచుకొనిన జాలును.

ఏలూరు మొదలు తాడేపల్లిగూడెము వరకును, దక్షిణమున కొల్లేటి లంకల వరకును గల సీమలో పెద్దపండుగ భోజనము ఇంచుమించుగా నొక్క తీరుననే యుండును. సంక్రాంతినాడు క్రొత్తబియ్యపు పొంగలి, ముద్దపప్పు, పులిహోర, గుమ్మడికాయ పులుసు, వంకాయ కూర, చిక్కుడుకాయ కూర, పెరుగుపచ్చడి, పూర్ణపు బూరెలు గాని బొబ్బట్లు గాని యుండును. మఱునాడు కనుమకు మినపగారెలు తప్పవు. మాంసాహారుల యిండ్లలో కోడికూరయు, లంకగ్రామములలో చేపల పులుసును ఉండును. అరిసెలు, జంతికలు పండుగకు వారము ముందుగనే డబ్బాలకెక్కును. పండుగనాడు చాలమంది పెద్దల పేరు చెప్పి బట్టలు పెట్టుకొందురు. అందుచేత ఈ భోజనము బ్రదికియున్న బంధువులకు మాత్రమే గాక గతించినవారికిని చెందినదని మనవారి భావము. మఱి ఆ గతించినవారు, ముఖ్యముగా నైదువందల యేండ్ల క్రిందటివారు, నేడు వచ్చి యీ విస్తరి చూచినచో గుర్తుపట్టుదురా?

ముందుగా మిరపకాయను చేతిలోనికి దీసికొందము. దీని జన్మభూమి అమెరికా ఖండము. 1492లో కొలంబసు ఆ వైపున అడుగుపెట్టక పూర్వము మన దేశమున దీని నెవ్వరును ఎఱుగరు. 1498లో పోర్చుగీసువారు కళ్లికోట రేవు చేరిరి. వారి ఓడల రాకపోకల వలన 16వ శతాబ్దములో మిరప మన దేశమునకు వచ్చినది. అంతకు ముందు కారమనగా మిరియమే. మిరియమువలె నాలుకను మండించు కాయ గనుక దీనిని మిరియపుకాయ యనిరి. అదియే నోట నలిగి మిరపకాయ యైనది. క్రొత్తకోడలికి అత్తగారి పేరు పెట్టి, పిదప అత్తగారినే మఱచినట్లయినది. నేడు మన వంటయింట మిరియము చారుపొడిలో నొక మూల దాగుకొని యుండగా, ఇంటి పెత్తనమంతయు మిరపకాయదే.

దీనికి సాక్ష్యము కావ్యములలోను గలదు. 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువు ననుసరించి పెట్టిన భోజనములను వర్ణించెను. వానకాలమున కొక తీరు, ఎండకాలమున కొక తీరు, చలికాలమున కొక తీరు. చలికాలపు విందులో కారమునకు మిరియపుపొడియు, ముక్కున కెక్కు ఘాటునకు ఆవపచ్చళ్లును కలవు. మిరపకాయ మచ్చునకైనను లేదు. పద్యము చదువునప్పుడు మనము అలంకారములు వెదకుదుము గాని యిట్టి సంగతులు గమనింపము. కావ్యము కవితకే గాక కూరలకును ప్రమాణము కాగలదని సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర చూపినది.

మిరప యొక్కతియే కాదు. పేళ్లను విడదీసి చూడుడు. వేరుశనగ యనగా వేరునకు గాచు శనగ; పాత శనగ పేరునకు ‘వేరు’ అను గుర్తు చేర్చి క్రొత్తదానిని బిలిచిరి. మొక్కజొన్న జొన్న కాదు. జీడిమామిడి మామిడియు గాదు, మన పాత జీడియు గాదు. సీమచింత చింత కాదు. బంగాళాదుంప తాను వచ్చిన త్రోవను తన పేరుననే చెప్పుచున్నది. ఐనను బంగాళమునకు సయితము అది పరదేశిని. వీని యన్నిటి పుట్టిల్లు అమెరికాయే. అన్నిటికంటె వెనుక మన కుండలోనికి దిగిన టమాటా మాత్రము తెలుగుపేరు సంపాదించుకొన తీరిక లేక తన యూరి పేరుతోనే చెలామణి యగుచున్నది.

ఇక గుమ్మడి. సంక్రాంతినాడు బ్రాహ్మణునకు గుమ్మడికాయ దానమిచ్చుట పుణ్యమందురు. వైద్యగ్రంథములలో కూష్మాండమని చెప్పబడినది బూడిదగుమ్మడి. అది మన ప్రాచీన ఫలము, వడియములలో నేటికిని నిలిచియున్నది. పులుసులోనికి వచ్చు ఎఱ్ఱని తీపిగుమ్మడి మాత్రము మిరపకాయ వచ్చిన త్రోవనే వచ్చినది. రెండింటి పూవులును పసుపుపచ్చనివే. గొబ్బెమ్మ తలపై ఏ గుమ్మడిపూవు పెట్టినను ఒక్కటే వన్నె గనుక, క్రొత్తది పాతదాని పీటమీద కూర్చుండుట ఎవరికిని పట్టింపు కాలేదేమో.

ఇతర దేశములలోను ఇట్లే జరిగినది. ఉత్తర అమెరికాలో పెన్సిల్వేనియా మొదలగు రాష్ట్రములలో ఆమిష్ అను క్రైస్తవశాఖవారు కలరు. మన ఆమిషమునకును ఈ పేరునకును సంబంధము లేదు. 1693లో విడివడిన యీ శాఖకు యాకోబు అమ్మన్ అను స్విట్జర్లాండు మతబోధకునివలన ఈ పేరు వచ్చినది. 18వ శతాబ్దమున వారు సముద్రము దాటి అచ్చట స్థిరపడిరి. నేటికిని గుఱ్ఱపుబండ్ల మీదనే తిరుగుదురు. ఇంటిలోనికి విద్యుత్తీగను రానీయని వారు పెక్కుమంది. పండుగనాడు చుట్టములెల్ల కూడి, ఆడువారు కలిసి వండి, పొడవైన బల్లల వద్ద భుజింతురు. ప్రాతపద్ధతికి ప్రాణము వంటిదని వారు భావించు నా భోజనమున ఉడికించి మెదిపిన బంగాళాదుంపయు, మొక్కజొన్నయు ముఖ్యములు. యూరపునందలి వారి పూర్వులు కొలంబసునకు ముందు వీనిని రుచి చూచియుండరు. ప్రాతదానినే పట్టుకొని యుందుమని ప్రతిజ్ఞ చేసినవారి బల్లయు ఇట్లున్నప్పుడు, మన విస్తరిని చూచి ఆశ్చర్యపడ బనిలేదు.

అయినచో మన పూర్వుల వంట పూర్తిగా అంతరించినదా? లేదు. అది పండుగ విస్తరిలో గాక తద్దినపు విస్తరిలో మిగిలియున్నది. మా వైపు అనేక కుటుంబములలో పితృతిథినాడు మిరపకాయ వాడరు. మిరియము, అల్లము, జీలకఱ్ఱ వాడుదురు. బంగాళాదుంప, టమాటా, క్యాబేజీ పనికిరావు. అరటికాయ, కంద, చేమ, కాకర, పెసరపప్పు, నువ్వులు, మినపగారెలు, పాయసము పనికివచ్చును. కుటుంబమునకు కుటుంబమునకు కొంత భేదమున్నను పద్ధతి యిదియే. మిరపకాయ కూడదని ధర్మశాస్త్రమున నున్నదని కొందఱు చెప్పుదురు. నాకట్లు తోచదు. స్మృతులు వ్రాసిన ఋషులకు మిరపకాయ తెలియదు. తెలియని దానిని నిషేధించుట యెట్లు? నిజమేమనగా, శ్రాద్ధకర్మలో మార్పు చేయుటకు మనవారు జంకిరి. తమకై వండుకొను వంట మార్చుకొనిరి; పితరులకు పెట్టు వంట మార్చలేకపోయిరి. అందుచేత పోర్చుగీసువారి యోడకు ముందటి ఆంధ్రుల వంటయిల్లు ఏటి కొక్క దినము మన యిండ్లలో తలుపు తెఱచుకొనుచున్నది. చరిత్రకారునకు అదియొక తామ్రశాసనమే. కాని దానిని వండ నేర్చిన ముసలమ్మలు, వంటబ్రాహ్మణులు నానాటికి తగ్గుచున్నారు. తామ్రశాసనము పోయినను దాని నకలైన దొరకును. చేతివంటకు నకలు లేదు.

బియ్యము విషయము వేఱు. వరి మనకు ప్రాచీనమే. వేంగీ చాళుక్యుల కాలమునకును ముందుది. కాని నిత్యము అందఱి యింట వరియన్నము ఉడుకుట ప్రాచీనము కాదు. చెఱువు క్రింద పొలమున్నవారికి వరి. మెట్టవారికి జొన్న, సజ్జ, చోళ్లు, వరిగ. వారికి వరియన్నమే పండుగ. 1833 నాటి ఘోరమైన కఱవు తరువాత, ఆర్థరు కాటను దొరవారు 1847లో ధవళేశ్వరము ఆనకట్ట నారంభించి 1852లో ముగించిరి. నీరు నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా ఏలూరు కాలువలో పాఱినది. బెజవాడ ఆనకట్టనుండి కృష్ణ నీరును ఏలూరు చేరగా రెండు నదులును ఆ పట్టణమున కలిసికొనినవి. పిమ్మట సార్వా, దాళ్వా యని రెండు పంటలు. వానితో పడవలు, సంతలు, బియ్యపు మరలు. నాలుగైదు తరములలో చోళ్లసంకటి పేదవాని గుర్తై, అవమానముగా గూడ నెంచబడి, వెనుకకు బోయినది. ఇప్పుడు వైద్యులు మధుమేహమునకు చోళ్లు తినుడని చెప్పగా పట్టణవాసులు పొట్లములలో కొనుచున్నారు. కాలచక్రమనగా నిదియే గాబోలు.

క్రొత్తబియ్యము వచ్చినతోడనే అరిసెలు. పండుగవంటలలో నాకు మిక్కిలి గౌరవము గలది యిదియే. ఏలన నిది యొంటరిగా జేయు వంట కాదు. బియ్యమును ఒక పగలు, ఒక రాత్రి నానవేసి, నీరు వార్చి, తడి యాఱక ముందే రోటిలో బోసి దంపవలెను. ఇద్దఱు ముగ్గురు ఆడువారు మార్చి మార్చి రోకలి వేయుదురు, ఒకరు జల్లింతురు. పిండి తడి పోకుండ అదిమి పెట్టి మూతవేయుదురు. బెల్లపు పాకము నీటిలో వేసిన చుక్క మెత్తని యుండ కావలెను. లేతపాకమైన అరిసె నూనెలో విడిపోవును; ముదిరినచో గట్టిపడును. ఈ క్షణము నిర్ణయించునది ఆ వీథిలోని యొక పెద్దమ్మ. ఆమె యనుమతి లేక పొయ్యి దింపరు. పిండి కలిపి, నువ్వులద్ది, ఆకుమీద తట్టి, కాగిన నూనెలో వేసి, తీసిన పిదప చెక్కల నడుమ నొక్కుదురు. నేడొక యింట, రేపొక యింట; బియ్యము ఎవరిదైనను చేతులు అందఱివి. యంత్రమున పిండి పట్టించుకొను నేటి దినములలోను పాకము చూచుటకు పెద్దమ్మను పిలువక తప్పదు.

ఆ నూనెయు మాఱినది. పూర్వము నేయి గాని, గానుగలో నాడించిన నువ్వులనూనె గాని, తరువాత వేరుశనగనూనె, ఇప్పుడు పెక్కిండ్లలో పామాయిలు. దీనిని ఇచ్చు ఆయిల్‌పామ్ చెట్టు ఆఫ్రికానుండి వచ్చినది. సాలంకాయనులును చాళుక్యులును ఏలిన వేంగీనగరము నేటి పెదవేగి గదా! ఆ పెదవేగిలో 1995లో ఆయిల్‌పామ్ పరిశోధనకు జాతీయసంస్థ వెలసినది. చాళుక్యుల కోటదిబ్బలకు చేరువనే ఆఫ్రికా చెట్టునకు విద్యాపీఠము! చరిత్ర కొన్నిసార్లు కవులకంటె చమత్కారముగా నల్లును.

కొల్లేటి చేపల మాట నేను తినువానివలె జెప్పలేను; తినువారివలన విన్నది చెప్పెదను. పూర్వము లంకగ్రామముల పండుగ పులుసునకు సరస్సులో దానంతట పెరిగిన కొఱ్ఱమేను, వాలుగ, జెల్ల, మట్టగిడస మొదలగునవి వచ్చెడివి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు సరస్సును నింపును. నీరు ఉప్పుటేరు ద్వారమున సముద్రమునకు బోవును. ఈ రాకపోకలే చేపలకు ఆయువు. తరువాత గట్లు వేసి చెఱువులు త్రవ్వి బొచ్చె, శీలావతి పెంచుట ప్రబలెను. 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సార్ ఒడంబడిక ననుసరించి అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల జాబితాలో చేరెను. 2006లో అనేక చెఱువుగట్లను ప్రభుత్వము కొట్టివేయించెను. జీవనము పోయినదని ఆక్రోశించినవారును, సరస్సు బ్రదికెనని సంతోషించినవారును ఆ పల్లెలలోనే యున్నారు. ఇద్దఱి మాటలోను న్యాయము కలదు. ఏదెట్లున్నను, పులుసు వండు చేయి పాతదే. కుండలో దిగు చేప మాఱినది.

ఇటీవలి సంవత్సరములలో క్రొత్త అల్లునకు నూఱులకొలది వంటకములు వడ్డించి పత్రికలలో బొమ్మ వేయించుకొనుట గోదావరి జిల్లాలలో బయలుదేఱినది. అది మర్యాద యనుటకు నాకు మనసు రాదు. తినలేని వానిని ఎదుట గూర్చుండబెట్టి లెక్కించుటలో ఆదరమెక్కడిది? దానికంటె ఆ పండుగనాటి విస్తరిలో కంద బచ్చలి కూర యొక్కటి వండి పెట్టినచో అల్లునకు చరిత్రయు తెలియును. కందయు బచ్చలియు మన పాతకాపులే. ఇందు తిరుగమోతలో ఎండుమిరప చేరినను అసలు ఘాటు ఆవదే. రాయలనాటి చలికాలపు విందులో ముక్కున కెక్కిన ఘాటిదే. క్రొత్తగా వండువారు ఆవపిండిని పొయ్యి మీదనే కలిపి చేదు చేయుదురు. కందయు బచ్చలియు మెత్తగా నుడికిన పిదప చింతపండు పులుసు పోసి, దగ్గఱపడగానే దింపి, చల్లాఱనీయవలెను. ఆవాలను కొంచెము నీరు చిలుకరించి అప్పటికప్పుడు నూఱి, చల్లాఱిన కూరలో కలిపి, పైన కొంచెము నువ్వులనూనె వేసి మూత పెట్టవలెను. ఒక గడియ తరువాత మూత తీసినచో ఘాటు తెలియును.